ఎడమ చక్రం

చుక్క.

కాసేపు ఆగి — ఇంకో చుక్క.

పడవ వెనక, అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు కారుతున్నాయి. బిరడా తీసేశాం. ట్రైలరు ముక్కు పైకెత్తి కింద ఇటుకలు పేర్చాం. లోపల దాక్కున్న నీళ్లన్నీ వెనక్కి జరిగి, ఒక్కో బొట్టుగా బయటికొస్తున్నాయి. పాచి వాసన. పొలుసుల వాసన. పొద్దంతా ఎండలో కాగిన ఫైబరు వాసన.

సిమెంటు మీద మడుగు కడుతోంది.

నాన్న ఆ మడుగులో కాలు పెట్టడు. చుట్టూ తిరిగి వెళ్తాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాట విసురుతాడు.

"ఏం కెప్టెన్ గారూ... సముద్రాన్ని కూడా వెంటబెట్టుకొచ్చారా?"

అమ్మ పలకదు.

నేను అసలే పలకను.

చుక్క పలుకుతుంది.

నాన్న లారీ మెకానిక్. ఇంటి ముందు షెడ్డు. షెడ్డు నిండా విప్పి పడేసిన ఇంజన్లు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకి వరసగా స్పానర్లు. అమ్మ బట్టలు కుడుతుంది. ఇంటి వెనక గదిలో కుట్టుమిషను, దారపు ఉండలు, సుద్ద ముక్కలు, గుండీల డబ్బా. ముందు ఇనుము మోగుతుంది. వెనక సూది మోగుతుంది. మధ్యలో వాకిలి.

వాకిట్లో పడవ.

అది అమ్మ మేనమామది. ఆయనకి చేపల పిచ్చి. అమ్ముకోవడానికి కాదు, వండుకోవడానికీ కాదు. గాలం వేసుకుని నీళ్లని చూస్తూ కూర్చోవడానికి. చిన్నప్పుడు అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడట. చివరి రోజుల్లో పడవ అమ్మకే ఇవ్వమన్నాడు. ట్రైలరుతో సహా. గాలం కర్రలతో సహా.

ఇద్దరైతే హాయిగా కూర్చోవచ్చు. ముగ్గురైతే ఇరుక్కోవాలి.

నాన్న దాన్ని సవతి అంటాడు. షెడ్డుకి వచ్చిన ప్రతి డ్రైవరుకీ చూపిస్తాడు.

"సవతులు ఆడాళ్లకే ఉంటారనుకున్నాను. నాకూ వచ్చింది చూడండి. చక్రాలేసుకుని మరీ వచ్చింది."

వాళ్లు నవ్వుతారు. నాన్న నవ్వడు.

వారమంతా మా ఇంట్లో నాన్న గొంతే. కూరలో ఉప్పు. అమ్మ కుట్టిన కాలరు. నా లెక్కల మార్కులు. నా నడక. నా మౌనం. దేన్నీ వదలడు. అన్నిటికీ ఒక మాట ఉంటుంది ఆయన దగ్గర — చిన్న మాటే, మేకులాంటి మాట. నాకు 'మూగనోము' అని పేరు పెట్టాడు. బళ్లో కూడా ఆ పేరే పాకింది.

నీళ్ల మీద ఆ గొంతు వినపడదు.

అందుకే ఆదివారం వెళ్తాం.

అమ్మ దాన్ని 'పెద్దనీళ్లు' అంటుంది. కొండల మధ్య నిలిచిన నీరు. ఒక ఒడ్డున నిలబడితే రెండో ఒడ్డు ఉందో లేదో అనిపించే నీరు. అక్కడ అమ్మ ముఖం వేరే ముఖం. నుదుటి మీద గీతలు ఎక్కడికో పోతాయి. కొంగ ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని చూస్తుంది. మేం కొంగని చూస్తాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు.

అంతే. వారానికి అదొక్కటే మాకు కావలసింది.

కానీ జీపు నాన్నది. పడవకి కాళ్లు లేవు.

"ఆదివారం తీసుకెళ్లండి, ఎవరొద్దన్నారు?" అన్నాడు మొదట్లోనే. "కానీ ఒక్కసారి — ఒక్కటంటే ఒక్కసారి — దారిలో పడిపోయి నాకు ఫోన్ కొట్టారో, ఆ రోజుతో సరి. పడవని ఎవడికో ఒకడికి కట్టబెట్టేస్తా. ట్రైలరు కోసి షెడ్డుకి తలుపు చేయించుకుంటా."

తమాషాకి అనలేదు. ట్రైలరు పొడవు కొలిచి చూసుకోవడం నేను చూశాను.

అందుకే శనివారం.

శనివారం పొద్దు వాలే వేళ అమ్మ మిషను మీద గుడ్డ కప్పుతుంది. కొంగు నడుముకి దోపుతుంది. నన్ను పిలవదు. నేనే వస్తాను.

పడవ మోటారుని నీళ్ల డ్రమ్ములో ముంచి కాసేపు నడుపుతాం — కడుపులో ఇసుక ఉంటే కడిగెయ్యడానికి. వెనక లైట్లు వెలుగుతున్నాయా... చూస్తాం. టైర్లలో గాలి... చూస్తాం. రోలర్లు తిరుగుతున్నాయా... చూస్తాం. పడవని ట్రైలరు మీదికి లాగే పట్టీ అంచు ఒరిసిపోతే, అమ్మ దాన్ని మిషను కింద పెట్టి తోలు సంచులు కుట్టే దారంతో అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా కుడుతుంది. ఆ కుట్టు తెగాలంటే ముందు లోకం తెగాలి.

ఇదంతా నాన్న చూస్తూనే ఉంటాడు. షెడ్డు గుమ్మంలో పాత టైరు మీద కూర్చుని, చేతిలో టీ గ్లాసుతో.

ఆయనకి అన్నీ తెలుసు. అడిగితే చెప్తాడు.

అడగాలి. అంతే.

అమ్మ అడగదు.

అమ్మ ఎలా నేర్చుకుందంటే — విని. మిషను తొక్కుతూ, గోడకి అటువైపు నాన్న పనివాళ్లని తిట్టే తిట్లు విని. 'సీలు తిరగేసి కొట్టావేంరా గాడిదా' అంటే సీలుకి ముందూ వెనకా ఉంటాయని తెలిసింది. 'గ్రీజు పూస్తావా, బొట్టు పెడతావా' అంటే బేరింగు నిండా పట్టించాలని తెలిసింది. ఆ తిట్లలోంచి పని ఏరుకుంది. బియ్యంలోంచి రాళ్లు ఏరడం అందరికీ వచ్చు. అమ్మ రాళ్లలోంచి బియ్యం ఏరింది.

చక్రాలు మాత్రం నావి.

నా వేళ్లు సన్నం కాబట్టి ఇచ్చింది. తర్వాత నాకే ఇష్టమైంది. జాకీ ఎక్కించి చక్రం లేపుతాను. మధ్యలో ఉన్న మూత ఊడదీస్తాను. లోపల గ్రీజు — తేనె రంగులో, చల్లగా. నట్టు బిగిస్తూ చక్రం తిప్పుతాను. చక్రం బరువెక్కుతుంది. అప్పుడు ఆపాలి. అప్పుడు వెనక్కి వదలాలి... కొంచెం... ఇంకొంచెం... చేత్తో పట్టి కదిపితే వెంట్రుకంత కదిలేదాకా. అప్పుడు పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ చెరోవైపుకి వంచుతాను. ఇక నట్టు కదలదు.

బిగించడం తేలిక.

వదలడమే కష్టం.

ఆ శనివారం నాన్న టైరు మీంచి లేచి వచ్చాడు. ఎప్పుడూ రాడు. వచ్చి, ఎడమ చక్రాన్ని బూటుకాలితో తన్ని చూశాడు. వంగి చేత్తో కదిపాడు.

"ఊగుతోంది."

నేను తల వంచుకున్నాను.

"నీకే చెప్తున్నా మూగనోమూ. ముసలిదాని పన్నులాగా ఊగుతోంది."

"ఊగాలి," అంది అమ్మ. డ్రమ్ములోంచి మోటారు ఎత్తుతూ, ఇటు చూడకుండానే.



"ఓహో," అన్నాడు నాన్న. "చక్రం గురించి... నాకు... నువ్వు."

ఆ మూడు మాటలూ మూడు నట్లలాగా నేల మీద పడ్డాయి.

తిట్టలేదు. అదే భయపెట్టింది. గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోసి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఆదివారం. తెల్లవారింది.

జీపు అమ్మ నడిపింది. వెనక పడవ, దాని మీద అమ్మ కుట్టిన నీలం కప్పు. గాలికి ఆ కప్పు ఉబ్బుతోంది, తగ్గుతోంది... ఊపిరి తీస్తున్నట్టు. దారికి అటూ ఇటూ గడ్డి మీద మంచు. కరెంటు తీగ మీద పిట్టలు. ఎవరూ లేని రోడ్డు.

అమ్మ కూనిరాగం మొదలుపెట్టింది.

రాళ్ల క్వారీ మలుపు దగ్గర ఎప్పుడూ ఆగుతాం. అది అమ్మ పెట్టుకున్న నియమం. నేను దిగి చక్రాల మధ్యలో చేతి వెనక భాగం ఆనించి చూస్తాను. అరచెయ్యి మొద్దుది, వెనక చర్మం అబద్ధం చెప్పదు అంటుంది అమ్మ.

కుడి చక్రం — నిద్ర లేచిన పాపాయి నుదురంత వెచ్చన.

ఎడమ చక్రం —

చురుక్కుమంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చర్మం ఎర్రగా కమిలింది. అప్పుడు వాసన వచ్చింది. కాలుతున్న గ్రీజు వాసన. షెడ్డు వాసన. ఇంత దూరం వచ్చాక... మా వెనకే వచ్చిన వాసన.

అమ్మ కూనిరాగం ఆగిపోయింది.

జీపులో డాష్‌బోర్డు మీద ఫోను ఉంది. అందులో నాన్న నంబరు ఉంది. మా ఇద్దరిలో ఎవరం దాని వైపు చూడలేదు.

చల్లారేదాకా కూర్చున్నాం. తర్వాత జాకీ ఎక్కించాను. చక్రం తిప్పి చూశాను. తిరగలేదు. ఏదో గొంతు పట్టుకున్నట్టు మూలిగి ఆగింది. మూత ఊడదీస్తే గ్రీజు తేనెలా లేదు. కరిగి, నల్లబడి, కషాయంలా కారింది.

పిన్ను కనిపించింది.

నేను రెండు కాళ్లూ చెరోవైపుకి వంచుతాను. ఈ పిన్ను కాళ్లు రెండూ ఒకవైపుకే మడిచి ఉన్నాయి. సుత్తితో ఒక్క దెబ్బ. నట్టుకి అతుక్కుపోయినట్టు.

షెడ్డులో లారీ చక్రాలకి ఉండే పిన్నులన్నీ అలాగే ఉంటాయి.

"అమ్మా," అన్నాను.

అమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నా వంపు కాదు," అన్నాను.

"కనిపిస్తోంది."

"వదులుగా ఉందనుకుని... బిగించాడేమో."

అమ్మ నవ్వింది. అందులో నవ్వు లేదు.

"లారీల కింద పుట్టి లారీల కింద పెరిగినవాడికి, ఏది ఎంత బిగించాలో తెలీదంటావా?"

నేను నట్టు మీద స్పానరు పెట్టి లాగాను. రాలేదు. ఇద్దరం కలిసి లాగాం. రాలేదు. అమ్మ కాలు ట్రైలరుకి తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగితే... కిర్రుమని లొంగింది.

తెలీదని అనాలనిపించింది నాకు. నాన్న చేతికి వదలడం రాదు. నాన్న కట్టేసిన కుళాయి మేం విప్పలేం. నాన్న మూత పెట్టిన సీసా మళ్లీ నాన్నే తియ్యాలి. నాన్న పట్టుకుంటే నా మణికట్టు మీద వేళ్లు కాసేపు అలాగే ఉండిపోతాయి — రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నా అంతే.

కానీ పైకి అనలేదు. ఎవరి తరఫున అంటున్నానో నాకే తెలియలేదు.

మోటార్‌సైకిలు మీద పోతున్న ఒకాయన వేగం తగ్గించాడు. చక్రాన్ని చూశాడు. పడవని చూశాడు. మమ్మల్ని చూశాడు.

"ఏమ్మా, మగాళ్లెవరూ లేరా?"

"ఉన్నాడు," అంది అమ్మ, తల ఎత్తకుండా. "ఇంట్లో నట్లు బిగిస్తున్నాడు."

ఆయనకి అర్థం కాలేదు. వెళ్లిపోయాడు.

బేరింగు బయటికి తీశాం. పాత లంగా గుడ్డతో తుడిచాం. లోపల ఉక్కు ముక్కలు ఇంకా మెరుస్తున్నాయి. వేడికి నీలం తిరగలేదు. నీలం తిరిగితే చచ్చినట్టే — ఇది కూడా ఎవరినో తిట్టిన తిట్లలోంచి ఏరుకున్న గింజే. అమ్మ గ్రీజు డబ్బా తెచ్చింది. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుతో నొక్కి నొక్కి నింపాను. ఇటు నొక్కితే అటు పొంగేదాకా. వెంట తెచ్చిన గుండీల డబ్బాలోంచి కొత్త పిన్ను తీసి ఇచ్చింది అమ్మ.

బిగించాను. తిప్పాను. వదిలాను.

వెంట్రుకంత.

అమ్మ చక్రం మీద చెయ్యేసి ఒక్క తోపు తోసింది. తిరిగింది... తిరుగుతూనే ఉంది... చాలాసేపు ఇద్దరం అది ఆగడం కోసం చూస్తూ ఉండిపోయాం. అది తిరిగినంతసేపూ ఎవరూ మాట్లాడనక్కర్లేదు.

పాత పిన్నుని అమ్మ పారెయ్యలేదు. రుమాలులో చుట్టి దోపుకుంది.

పెద్దనీళ్లు వచ్చాయి.

పడవలు దింపే ర్యాంపు పైన ఆగాం. వేడి చక్రాన్ని నీళ్లలో దింపకూడదు. దింపితే లోపలి గాలి చటుక్కున ముడుచుకుని, సందుల్లోంచి నీళ్లని పీల్చేసుకుంటుంది. చల్లారేదాకా ఆగాలి. మా వెనక వచ్చినవాళ్లకి అది తెలియదు. వాళ్లు ఆగరు. హారన్ కొడతారు.

"రివర్సు రాదా అమ్మా? దిగు, మేం దింపుతాం!"

"వచ్చు బాబూ. తొందరే రాదు. దాటుకుని పొండి."

అప్పుడు మోగింది ఫోను.

నాన్న ఎప్పుడూ చెయ్యడు. ఆదివారం అసలు చెయ్యడు. ఆ ఫోను మోగితే కొంగ కూడా తల తిప్పి చూసినట్టనిపించింది నాకు.

అమ్మ తీసింది. గాలిలో నాకూ వినపడింది.

"ఎక్కడ?"

"నీళ్ల దగ్గర."

 షెడ్డులో ఏదో ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు. తర్వాత —

"చేరారా?"

ఒక్క మాట. అందులో ఏముందో ఇప్పటికీ తూచలేకపోతున్నాను. ఊపిరి వదిలిన మాటా? ఊపిరి బిగబట్టిన మాటా?

"చేరకుండా ఎక్కడికి పోతాం?"

"దారిలో... ఎక్కడా ఆగలేదా?"

"ఎందుకు ఆగుతాం?" అంది అమ్మ. గొంతు సూదిలా ఉంది. "ఎందుకు ఆగాలండీ మేం?"

పెట్టేశాడు.

చక్రాలు చల్లారాయి. బిరడా బిగించాం. పట్టీ వదిలాం. పడవ రోలర్ల మీంచి జారి నీళ్లలోకి వెళ్లింది, ఒక నిట్టూర్పు చప్పుడుతో. ఎక్కాం. మోటారు అందుకుంది. ఒడ్డు వెనక్కి పోయింది. హారన్లు వెనక్కి పోయాయి.

గొంతు మాత్రం పోలేదు.

మధ్యకి వెళ్లాక అమ్మ మోటారు ఆపింది. లంగరు వేసింది. గాలం విసిరింది — ఎవరినో కొట్టినట్టు విసిరింది. నీళ్లు చిట్లాయి. మళ్లీ లాగింది. మళ్లీ కొట్టింది. ఎర ఎక్కడో ఊడిపోయింది. ఉత్త కొక్కెమే నీళ్లని గీస్తోంది.

నుదుటి మీద గీతలు పోలేదు.

"బిగించాడు," అంది. నాతో కాదు. నీళ్లతో. "చూస్తూ కూర్చుని... టీ తాగుతూ... లేచి వెళ్లి బిగించాడు."

గాలికి పడవ నెమ్మదిగా తిరిగింది. నీడ మా వెంటే తిరిగింది.

చేపలు ఎగురుతున్నాయి. అమ్మ చూడలేదు. కొంగ వచ్చి రెల్లు పక్కన నిలబడింది. అమ్మ చూడలేదు. కాలి కింద కాసిని నీళ్లు చేరి అటూ ఇటూ పొర్లుతున్నాయి. నేను కాళ్లు దగ్గరికి లాక్కున్నాను. చోటు చాలడం లేదు.

ఆ రోజు పడవలో ముగ్గురం ఉన్నాం.

ఎప్పుడూ పొద్దు వాలేదాకా ఉంటాం. ఆ రోజు మధ్యాహ్నానికే అమ్మ లంగరు లాగింది.

దారిలో క్వారీ దగ్గర ఆగాం. చెయ్యి ఆనించాను. రెండు చక్రాలూ ఒకే వెచ్చదనం. ఇంకా ముందుకెళ్లి మళ్లీ ఆగాం. మళ్లీ చూశాను. అమ్మ ప్రతిసారీ నా ముఖమే చూసింది. నేను ప్రతిసారీ తల ఊపాను. మాకు భయం చక్రం గురించి కాదు. దారిలో ఆగిపోతే ఇంటి దగ్గర మా కోసం ఎదురుచూసే నాన్న ఒక్క నవ్వు గురించి.

వాకిట్లోకి జీపు తిప్పేసరికి నాన్న నిలబడి ఉన్నాడు.

టైరు మీద కూర్చోలేదు. చేతిలో గ్లాసు లేదు.

ఇంజను ఆగకముందే వచ్చాడు. జీపు వైపు చూడలేదు. అమ్మ వైపు చూడలేదు. పడవ చుట్టూ తిరిగి, సూటిగా ఎడమ చక్రం దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి తిప్పి, చేతి వెనక భాగం మధ్యలో ఆనించాడు.

గోరువెచ్చగానే ఉండి ఉంటుంది. చెయ్యి తియ్యలేదు.

అలాగే ఉన్నాడు.

నేను దిగాను. రోజూ అయితే తల వంచుకుని ఇంట్లోకి పోయేదాన్ని. కాళ్లు అటే లాగాయి.  కానీ నోరు — నా నోరే, మూగనోమని పేరు పడ్డ నోరే — తెరుచుకుంది.

"కుడి చక్రం చూడవా నాన్నా?"

గట్టిగా అనలేదు. నాకు గట్టిగా అనడం రాదు.

జీపు తలుపు సగం తెరిచి అమ్మ ఆగిపోయింది.

నాన్న తల తిప్పాడు. నా కళ్లలోకి చూశాడు. నేను కిందికి చూడలేదు. ఆయన చూపు నా ముఖం మీంచి జారి, కమిలిన చేతి మీద ఆగింది. అక్కడే ఉంది.

"ఊగుతోందని... చెప్పాను కదే," అన్నాడు.



అమ్మ దిగింది. రుమాలు విప్పి, వంగిన పిన్నుని ట్రైలరు కడ్డీ మీద, ఆయన మోకాలి పక్కన పెట్టింది. పెట్టి, పడవ వెనక్కి వెళ్లింది. వంగింది. బిరడా తీసింది.

నీళ్లు ఒక్కసారిగా దూకాయి. పాచి వాసనతో, ఎండ వాసనతో, సిమెంటు మీద పడి పాకాయి. వాలు నాన్న వైపే ఉంది. నీళ్లు ఆయన చెప్పుల దాకా వచ్చాయి. చెప్పుల కిందికి వెళ్లాయి.

నాన్న లేవలేదు.

ధార సన్నబడింది. తీగలా అయింది. తెగింది.

చుక్క...

కాసేపు ఆగి —